నాలుగు వేళ్ళ వెలితి

ఫిబ్రవరి 2, ఆదివారం

బావ వాళ్ళ అటక మీద నుంచి దించిన తుపాకీని ఈ రోజు చూశాను. చూశాను అని రాస్తే సరిపోదు. కనిపెట్టాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఆ మాట ధైర్యంగా రాసుకోవచ్చు.

బావ ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. డ్రిల్లు మాస్టారుగా ఆయన ఈల ఊదితే స్కూల్లో పిల్లలే కాదు, గోడ అవతల సైకిలు మీద పోయేవాళ్ళు కూడా నిటారుగా కూర్చుంటారు. పదిహేనో తారీకున ఆయన చివరి స్పోర్ట్స్ డే. ఆ హడావుడిలో ఇల్లు సర్దుతుంటే పాత పరుపులో చుట్టి ఉన్న ఈ తుపాకీ బయటపడింది. వాళ్ళ ముత్తాత పటాలంలో పనిచేసి వస్తూ తెచ్చుకున్నదట.

"ఏమే తుప్పు డాక్టరూ! పేషెంటు వచ్చాడు. నాడి చూసి బతుకుతాడో లేదో చెప్పు" అన్నాడు బావ, నేనింకా లోపలికి రాకుండానే.

వేలం సంస్థలో పాత ఆయుధాలకు పేరూ వయసూ ధరా కట్టే ఉద్యోగంలో చేరిన రోజున ఆయన నాకు పెట్టిన పేరు అది. అక్క ఎంత కసిరినా మానడు. మానితే నాకే ఏదో వెలితిగా ఉంటుంది.

"ముందు దాన్ని టీ తాగనివ్వండి" అంది అక్క.

టీ చల్లారిపోయింది. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి తుపాకీని దాని మీద పెట్టించాను. ముందు నుంచి మందూ గుండూ కూరే రకం. వెనకాల చిన్న ముక్కు మీద క్యాపు అనే రాగి మూత పెట్టి, సుత్తి పడితే నిప్పు లోపలికి పోయే రకం. ఇలాంటివి వందల్లో చూశాను. పక్క పలక మీద పటాలం ముద్ర సగం అరిగిపోయింది. కర్ర బాగుంది. మామూలు సిపాయి తుపాకీ అనేసి టీ కప్పు అందుకోబోతూ గొట్టం మీద చెయ్యి వేశాను. చేతికి చిన్న పలక తగిలింది.

గురి చూసుకునే పలక! సిపాయి తుపాకీకి అది ఉండదు. సిపాయికి గురితో పనిలేదు, వరసలో నిలబడి అందరితోపాటు పేల్చడమే అతని పని. పలక ఉంటే అది గురి చూసి కాల్చే గురికాళ్ళ దళం కోసం బహు కొద్దిగా చేసిన రకం. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన తన సర్వీసంతటిలో అలాంటిదాన్ని ఒక్కటి కూడా పట్టుకోలేకపోయాడు. రిటైరయ్యాక కూడా ప్రతి మంగళవారం ఆఫీసుకి టీకని వచ్చి, నేను రాసినవన్నీ తిరగేసి తప్పులు వెతికే మనిషి. ఆయన మొహం ఎలా ఉంటుందో అప్పుడే ఊహించేసుకున్నాను.

తర్వాత కడ్డీ వేశాను. బావకి అర్థమయ్యేలా చెప్పాను కూడా: "వీటిని పేల్చకపోతే కూరిన మందు లోపలే ఉండిపోతుంది బావా, ఎన్నేళ్ళయినా. అందుకని ఏ పాత తుపాకీ చేతికొచ్చినా ముందు కడ్డీ అడుగంటా దింపి, మూతి దగ్గర వేలు పెట్టి పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తాం. కడ్డీ కొన గొట్టం అడుగు దాకా వస్తే ఖాళీ."

కొన నాలుగు వేళ్ళు తక్కువగా వచ్చింది.

"మరి అక్కడే ఆగిందేం?" అన్నాడు బావ. పరుగు పందేల గీతలు గీసీ గీసీ ఆయనకి కొలతల మీద కన్ను ఎక్కువ.

"అదే దీని గొప్పతనం. గురికాళ్ళ తుపాకీకి అడుగున మందు పోయడానికి ఇరుకు అర ఉంటుంది. ఈ కడ్డీ అందులో పట్టదు. పలకేమో పైనుంది, అరేమో లోపలుంది, ఇంకేం కావాలి నీకు?"

చెప్తుంటే నా మాట నాకే ముద్దొచ్చింది. అరలోకి పట్టే సన్న కడ్డీ ఆఫీసులో ఉంది. దాని అవసరం కనిపించలేదు.

"అంటే ఖాళీయేగా?" అంది అక్క, గుమ్మంలో నిలబడి.

"ఖాళీయే అక్కా."

"ధరేంటి?" అన్నాడు బావ.

"సిపాయిదైతే ఒక మంచి బీరువా వస్తుంది. ఇది ఇల్లే తెస్తుంది."

బావ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని అద్దం ముందుకెళ్ళి అటెన్షన్లో నిలబడ్డాడు. అమ్మనన్నాడు. అక్కా నేనూ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

ఫిబ్రవరి 3, సోమవారం

మేనేజరుకి చెప్పాను. అమ్మకపోయినా సరే, ఫొటో ఇస్తే వచ్చే వేలం పుస్తకం అట్ట మీద వేద్దామన్నాడు. కింద నా పేరు కూడా.

ఫిబ్రవరి 8, శనివారం

బావకి కొత్త ఊహ వచ్చింది. చివరి పందేన్ని ఈలతో కాకుండా ముత్తాత తుపాకీతో మొదలుపెడతాడట. "చప్పుడొస్తే చాలే. పొగ కూడా కొంచెం వస్తే ఇంకా మంచిది" అన్నాడు.

నేనే చెప్పాను, క్యాపు ఒక్కటి పెట్టి మీట నొక్కితే చప్పుడొస్తుందని. మందు లేదు, గుండు లేదు, భయమేమీ లేదని. మా వర్క్‌షాపులో ఉన్న క్యాపుల డబ్బీ ఒకటి రిటైర్మెంటు కానుకగా ఆయన చేతిలో పెట్టాను. మూత తెరిచి చూసి ఆయన పొంగిపోయాడు. అక్కడికక్కడే ఒకటి పేల్చి చూస్తానని లేచాడు.

"ఇంట్లో గానీ పేల్చారంటే నేను పుట్టింటికి పోతా" అంది అక్క.

"ఆ పుట్టింటి నుంచేగా ఈ డాక్టరు దిగింది. అక్కడికి పోతే రోజూ పేలుళ్ళే" అన్నాడు బావ. కానీ కూర్చున్నాడు. అక్క మాట అంటే ఆయనకి భయం.

ఫిబ్రవరి 11, మంగళవారం

పెద్దాయన వచ్చాడు. టీ పూర్తి కానివ్వకుండానే ఫొటోలు ఆయన ముందు పరిచాను. ఇన్నేళ్ళుగా నేను ఎదురు చూసిన రోజు ఇదేనన్నట్టు కుర్చీ కూడా దగ్గరికి జరుపుకున్నాను.

కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. పలక దగ్గరి ఫొటో తీసి కిటికీ వెలుతురులో పెట్టాడు.

"పలక అంచు చూడు అమ్మాయ్. గొట్టం నల్లబడ్డ తీరు ఒకటి, పలక నల్లబడ్డ తీరు ఇంకొకటి. ఇదిగో ఇక్కడ టంకం బయటికి కారింది. పటాలం వాళ్ళు ఇంత మోటుగా చెయ్యరు. తర్వాతెప్పుడో ఎవరో వేటగాడు అతికించుకున్నాడు. సిపాయి తుపాకీ ఇది. మంచిదే. కానీ సిపాయిది."

చూశాను. నిజమే. కళ్ళ ముందే ఉంది. బల్ల మీద పెట్టుకుని గంటసేపు తడిమిన దాంట్లో నాకు కనపడనిది, ఆయనకి ఫొటోలో కనపడింది.

"కడ్డీ వేశావా?" అన్నాడు, ఫొటోలు తిరిగిస్తూ.

"వేశాను."

"ఎంతదాకా దిగింది?"

"పూర్తిగా దిగింది."

ఆయన తలూపి టీ తాగాడు. వేరే విషయాలు మాట్లాడి వెళ్ళిపోయాడు.

ఎందుకలా అన్నాను? నాలుగు వేళ్ళు తక్కువొచ్చిందంటే, అర అనుకున్నానని కూడా చెప్పాలి. పలకని చూసి అర ఉందనుకున్నాను, అర ఉందనుకుని పలకని నమ్మాను అని చెప్పాలి. ఆయన పెద్దగా ఏమీ అనడు. మూతి ఒక పక్కకి తిప్పి నవ్వుతాడు. కొత్తలో నన్ను చూసి నవ్వేవాడే, ఆ నవ్వు. అది చూడలేక అబద్ధం చెప్పాను. ఈ వయసులో.

మేనేజరుకి ఏం చెప్పాలి? బావ ఇప్పటికే స్కూలంతా చాటాడు. అక్క పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించింది. సిపాయిదని ఇప్పుడు ఎలా చెప్పడం?

అర లేకపోతే ఆ నాలుగు వేళ్ళూ ఏమిటి?

పై వాక్యం రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను. అర లేకపోతే ఆ నాలుగు వేళ్ళూ ఏమిటి?

ఫిబ్రవరి 12, బుధవారం

గుడ్డ అయ్యుంటుంది. గొట్టం తుడిచేటప్పుడు గుడ్డపేలిక తెగి లోపల ఉండిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. తుప్పు గడ్డకట్టి ఉండొచ్చు. పురుగు గూడు పెట్టి ఉండొచ్చు. అటక మీద పడి ఉన్నది కదా, గూడే అయ్యుంటుంది. మందే అయినా ఇన్నేళ్ళకి చెమ్మగిలి మట్టి అయిపోయి ఉంటుంది.

చెమ్మ లేకపోతే మందుకి ఎన్నేళ్ళయినా ఏమీ కాదని శిక్షణకి వచ్చేవాళ్ళకి నేనే చెప్తుంటాను.

బావకి ఫోన్ చేశాను. అట్ట మీదకి ఇంకా మంచి ఫొటోలు కావాలి, తుపాకీ ఒక్క రోజు పంపమని అడిగాను.

"శనివారం దాకా కదిలించేది లేదే. రోజూ ఎత్తి ప్రాక్టీసు చేస్తున్నా. పందెం అయ్యాక నీ ఇష్టం, కావాలంటే పెళ్ళి చేసి పంపిస్తా" అన్నాడు.

నవ్వాను. నవ్వి పెట్టేశాను.

ఫిబ్రవరి 13, గురువారం

సన్న కడ్డీ సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరూ చూడకుండా ఒక్కసారి వేసి చూసుకుంటే చాలనుకున్నాను. ఖాళీ అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మందుంటే అప్పుడు చూసుకుందాం.

తుపాకీ ఇంట్లో లేదు. బావ దాన్ని స్కూల్లో ఆటసామాన్ల గదిలో పెట్టి తాళం వేసి వచ్చాడట. క్యాపుల డబ్బీ మాత్రం చొక్కా జేబులోంచి తీసి చూపించాడు. బావ వరండాలో కూర్చుని తెల్ల బూట్లకి సుద్ద రుద్దుకుంటున్నాడు. ఒక బూటు అయిపోయింది, రెండోది సగమైంది. "ఎనిమిదో తరగతి వాళ్ళది చివరి పందెం. గీత మీద పదిమంది నిలబడతారు. నేను వాళ్ళ పక్కనే, ఇలా" అని లేచి చేతులు పైకెత్తి చూపించాడు. లేని గొట్టం ఆయన చెవి పక్క నుంచి పైకి పోయింది.

చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో, "టీ బాగుంది అక్కా" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసి, "నీరసంగా ఉన్నావేమే, ఆఫీసులో ఏమైనా అయిందా?" అంది. పని ఎక్కువైందన్నాను. వెళ్ళేటప్పుడు సంచిలో రెండు పళ్ళు వేసింది, కడ్డీ పక్కన. అదేంటని కూడా అడగలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రేపు వెళ్ళగానే, ఎవరూ రాకముందే చెప్పేస్తాను.

ఫిబ్రవరి 15, శనివారం

వెళ్ళగానే చెప్పలేదు.

వెళ్ళేసరికి బావ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెడలో ఈల. నన్ను ముందు వరసలో, హెడ్ మిస్ట్రెస్ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. వద్దంటే వినలేదు. ఆయనతో ఒంటరిగా మాట్లాడే వీలు చిక్కలేదని రాయబోయాను. చిక్కింది. గేటు నుంచి కుర్చీ దాకా ఇద్దరమే నడిచాం. ఎండ బాగా ఉందని మాట్లాడుకున్నాం.

పందేలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. చివరి దానికి ముందు బావ తుపాకీ తెప్పించాడు. గీత దగ్గర స్టాండుకి పెట్టిన మైకులో, "దీని జాతకం చెప్పింది మా మరదలు. పాత తుపాకుల్లో ఆవిడని మించినవాళ్ళు లేరు" అని చెప్పి నన్ను పిలిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను.

ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. మైకు కూడా చేతికి అందేంత దూరంలో ఉంది.

"ఇది గురికాళ్ళ దళం కోసం ప్రత్యేకంగా చేసిన అరుదైన తుపాకీ" అన్నాను. అరుదైన అనే మాట రెండుసార్లు వాడాను. పలక చూపించాను. మళ్ళీ చప్పట్లు. వచ్చి కూర్చున్నాను. హెడ్ మిస్ట్రెస్ నా వైపు వంగి, చాలా బాగా చెప్పారండి అంది.

పదిమంది వచ్చి గీత మీద నిలబడ్డారు. చివర నిలబడ్డ పిల్ల బూటు లేసు కట్టుకుంటూ కూర్చుంది. బావ జేబులోంచి డబ్బీ తీశాడు. క్యాపు తీసి ముక్కు మీద పెట్టాడు. ఎంత జాగ్రత్తగా పెట్టాడో! నేను నేర్పినట్టే, వేలితో కొద్దిగా నొక్కి. సుత్తి వెనక్కి లాగాడు. ఆ చప్పుడు నాకు కుర్చీలో వినిపించింది. ఆ పిల్ల లేసు కట్టుకుని లేచి, బావకి సరిగ్గా పక్కన నిలబడింది.

అప్పుడు లేచాను. లేచానని కూడా తెలీదు. ట్రాక్ మీద పరిగెడుతున్నాను. ఒక చెప్పు మధ్యలో ఊడిపోయింది. పిల్లలు నేను కూడా పందెంలో ఉన్నాననుకుని కేకలేశారు.

"బావా, వద్దు. పేల్చకు."

"ఇప్పుడేంటే నీ సరసం? కూర్చో పో" అన్నాడు, మొహం మీద నవ్వు చెదరకుండా.

"లోపల మందుందేమో."

"ఖాళీ అని నువ్వేగా చెప్పావు!"

"నాకు తెలీదు బావా. తెలీకుండా చెప్పాను. కడ్డీ పూర్తిగా దిగలేదు. అది గురికాళ్ళది కాదు, దానికి అర లేదు. లోపలేదో ఉంది. నాకు తెలీదు."

మైకు మా పక్కనే ఉంది. నా మాటలన్నీ గ్రౌండు నాలుగు మూలలా ఉన్న లౌడ్‌స్పీకర్లలోంచి తిరిగి నాకే వినిపించాయి. నాకు తెలీదు అన్నది అన్నిటికన్నా గట్టిగా వినిపించింది.

బావ నా కళ్ళల్లోకి చూశాడు. సుత్తిని బొటనవేలితో ఆపి మెల్లగా, మెల్లగా దించాడు. క్యాపు తీసి నాకిచ్చాడు. పిల్లల్ని ఇరవై అడుగులు వెనక్కి నడిపించి, తుపాకీని నేల మీద గోడ వైపు మూతి పెట్టి పడుకోబెట్టాడు. తర్వాత ఈల తీసి పందెం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే.

మధ్యాహ్నం పెద్దాయన్ని పిలిపించాం. ఆటసామాన్ల గదిలో నూనె పోసి నానబెట్టి, కొనకి మర ఉన్న కడ్డీతో ఆయనే లాగాడు. ముందు కాగితం ముద్ద వచ్చింది. తర్వాత సీసపు గుండు. తర్వాత గొట్టం వంచితే మందు. పైన నూనె తగిలింది గానీ, అడుగుది పొడిగా, నల్లగా, గలగలా రాలింది. పెద్దాయన కొంచెం వేళ్ళ మధ్య రుద్దాడు.

"గుండు సంగతి తర్వాత. గొట్టం లోపల తుప్పు తినేసింది చూడండి మాస్టారూ. పేలి ఉంటే ఇక్కడే చీలేది. మీ చెవి పక్కనే" అన్నాడు.

తర్వాత నా వైపు చూశాడు. నవ్వలేదు. పూర్తిగా దిగిందని చెప్పిన సంగతి ఎత్తలేదు. నేను గుండుని గుడ్డలో చుడుతూ తల దించుకున్నాను.

బావ కాసేపటికి తేరుకుని, నా తల మీద చెయ్యి వేశాడు. "తుప్పు డాక్టరూ, నాకు ప్రాణం పోశావే!" అన్నాడు. అక్క నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే అడిగింది: "నీకెప్పుడు అనుమానమొచ్చిందే?"

"కుర్చీలో కూర్చున్నప్పుడే అక్కా" అన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పెద్దాయన ఫోన్ చేశాడు. "మంగళవారం నిజం చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. నవ్వితే ఏం పోయేది అమ్మాయ్?" అన్నాడు.

ఏమీ పోయేది కాదని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు. ఆయన ఎవరికీ చెప్పడు. అది తెలిసి నాకు ఊరటగా అనిపించింది. ఊరటగా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

అక్క ఫోన్. పిల్లల తల్లిదండ్రులు కొందరు స్కూలుకి వచ్చి గొడవ చేశారట. మందు కూరిన తుపాకీ పిల్లల మధ్యకి ఎలా తెచ్చారని. వాళ్ళ స్థానంలో నేనున్నా అడుగుతాను. యాజమాన్యం బావని సంజాయిషీ అడిగింది.

బావ ఏం రాశాడో అక్క చదివి వినిపించింది. తప్పు పూర్తిగా తనదేనట. బుధవారం మా మరదలు తుపాకీ ఇంకోసారి చూస్తానని అడిగినా, పంతానికి పోయి నేనే పంపలేదు, పంపి ఉంటే అప్పుడే తేలిపోయేది అని రాశాడట.

"నువ్వు ఫొటోల కోసమేగా అడిగింది?" అంది అక్క. "ఆ మాటే ఆయనతో అంటే, లేదే, దానికి అప్పుడే ఏదో తట్టి ఉంటుంది, నన్ను కంగారు పెట్టకుండా అడిగింది అంటారు."

నేను "ఊఁ" అన్నాను. ఊఁ అనడం అవునని చెప్పడం కాదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఆయనే రాశాడు. నేను రాయమనలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

వీడ్కోలు సభ రద్దు చేశారట. విచారణ అయ్యేదాకా గ్రౌండులోకి రావద్దన్నారట. నెలాఖరుకి ఆయన సర్వీసు అయిపోతుంది. అంటే ఇక ఆ గ్రౌండులో అడుగు పెట్టడు.

వెళ్ళాను. బావ వరండాలో ఉన్నాడు. నన్ను చూసి, "రావే తుప్పు డాక్టరూ" అన్నాడు గానీ గొంతులో జీవం లేదు. "నువ్వేం మనసులో పెట్టుకోకు. నువ్వు అడిగినప్పుడే ఇచ్చి ఉండాల్సింది. నా గొప్ప కోసం పిల్లల్ని..." అని ఆగిపోయాడు. తర్వాత నాకే ధైర్యం చెప్పాడు.

వంటింట్లో అక్క గొంతు తగ్గించి చెప్పింది. అన్నం సరిగా తినడం లేదట. ఉన్నట్టుండి, నేను అంత చెడ్డవాణ్ణా అని అడుగుతున్నాడట. ఆ లేసు కట్టుకున్న పిల్ల పేరు చెప్పి, ఆ అమ్మాయి ఎక్కడ నిలబడిందో చూశావా అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడట. "ఆయన ఎవరి పిల్లల మీదా ఇన్నేళ్ళలో చెయ్యెత్తలేదే" అంది అక్క.

నేను గిన్నెలు తుడిచిపెట్టాను. చెప్పకుండానే వచ్చేశాను.

సిగ్గంటే నలుగురిలో తల దించుకోవడం అనుకునేదాన్ని. మైకులో నా పరువు పోయినప్పుడు పడ్డది అసలు సిగ్గే కాదు. అందరూ మెచ్చుకుంటుంటే, ఆయన నా తప్పు మోస్తుంటే, తడి గుడ్డతో గిన్నెలు తుడవడం సిగ్గు.

ఫిబ్రవరి 24, సోమవారం

సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళాను. హెడ్ మిస్ట్రెస్ గదిలో కూర్చుని మొత్తం చెప్పాను. నాలుగు వేళ్ళ సంగతి, పలక సంగతి, పెద్దాయనకి చెప్పిన అబద్ధం, ఫొటోల వంక. మంగళవారం నుంచే తెలుసని చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న పెన్ను ఆపేసింది.

"ఏ మంగళవారం?"

"స్పోర్ట్స్ డేకి ముందు మంగళవారం."

"నా పక్కన కూర్చున్నప్పుడు తెలుసా మీకు?"

"తెలుసు."

ఆవిడ బావని పిలిపించింది. కాగితాలేవో సంతకాలు చేయడానికి వచ్చి ఆఫీసులోనే ఉన్నాడట. మాస్టారి ముందు ఇంకోసారి చెప్పండి అంది. చెప్పాను. రెండోసారి చెప్పడం సులువు అవుతుందనుకున్నాను, కాలేదు.

బావ కూర్చోలేదు. కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తూ విన్నాడు. ఎవరో పిల్లలు బంతి ఆడుకుంటున్నారు.

"గీత మీద పిల్లలు నిలబడ్డప్పుడు తెలుసా?"

"తెలుసు బావా."

"గురువారం మా ఇంటికొచ్చావు. నేను బూట్లు తుడుచుకుంటున్నా. అప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

తలూపాడు. కోప్పడలేదు. కోప్పడితే కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆ వీలు కూడా ఇవ్వలేదు. ఆటసామాన్ల గది తాళం హెడ్ మిస్ట్రెస్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సంజాయిషీ వెనక్కి ఇచ్చేస్తామనీ, వీడ్కోలు సభ జరిపిస్తామనీ ఆవిడ నాతో చెప్పింది.

మేనేజరుకి కూడా చెప్పేశాను. అట్ట మీద బొమ్మ మారుస్తారు. ఇక మీద నేను చూసినవాటిని ఇంకొకరు కూడా చూడాలన్నాడు. సరేనన్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఈ రోజు వీడ్కోలు సభ. నాకు పిలుపు రాలేదు. అక్క ఫోన్ ఎత్తలేదు.

మార్చి 2, ఆదివారం

ఆదివారం కదా, అలవాటు ప్రకారం వెళ్ళాను. అలవాటు ప్రకారం అని రాశాను గానీ, వీధి మలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. ఎంత తిట్టినా పడదామనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను.

వరండాలో పూలదండ ఒకటి కుర్చీకి వేలాడుతోంది, ఎండిపోయి. సభ బాగా జరిగినట్టుంది. లోపల నుంచి అక్క మాటలు వినిపిస్తున్నాయి. తలుపు తట్టాను.

బావ తీశాడు. ఇంట్లో వేసుకునే పాత చొక్కాలో ఉన్నాడు. నన్ను చూసి మొహం చిట్లించలేదు, తలుపుకి అడ్డంగానూ నిలబడలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"రండి. కూర్చోండి" అన్నాడు.

తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, మీ చెల్లెలుగారు వచ్చారు" అని అక్కని పిలిచాడు.

నేను చెప్పులు విప్పలేక అక్కడే నిలబడిపోయాను.